వంటింటి సింకు కుళాయి మార్పిడి

వంటింటి సింకు దగ్గర పాడైన కుళాయిని విప్పి, ఆ చోట కొత్తది బిగించడం ఇంటి మరమ్మతుల్లో చాలా చిన్న పనిగా కనిపిస్తుంది. ఆంధ్ర జిల్లాల్లో చాలామంది పంపు అనీ, తెలంగాణలో నల్లా అనీ, సామాను దుకాణాల్లో ట్యాపు అనీ పిలిచే ఈ వస్తువు మీద పొద్దున లేచింది మొదలు రాత్రి గిన్నెలు కడిగేదాకా చేయి పడుతూనే ఉంటుంది కాబట్టి, ఎంత మంచిదైనా కొన్నేళ్లకు అరగక తప్పదు. మార్చాలనుకున్నవారి దృష్టి మామూలుగా కొత్త కుళాయి మీదే నిలుస్తుంది: ఏ కంపెనీది, ఎంత మెరుస్తోంది, మెడ ఎంత పొడవు, ధర ఎంత. అయితే పని సాఫీగా సాగుతుందా, గోడ పగలగొట్టేదాకా పోతుందా అన్నది ఈ ప్రశ్నల్లో దేని మీదా ఆధారపడదు. కుళాయి వెనక గోడలో దాగి ఉన్న మర ఏ స్థితిలో ఉంది, ఆ గొట్టంలోకి వచ్చే నీటిని ఎక్కడ కట్టేయాలి అన్న రెండు సంగతులే దాన్ని తేలుస్తాయి. ఆ రెండిటికీ జవాబు దొరికిన ఇంట్లో ఇది ఇంటివాళ్లు తమ చేతులతో నిశ్చింతగా చేసుకోగల పని. జవాబు దొరకని ఇంట్లో పానా చేతికి తీసుకోకముందే ఆగిపోవలసిన పని.

ఇంటివాళ్లు చేసుకోగలరు అనడానికి మొదటి ఆధారం మరలోనే ఉంది. మన ఇళ్లలో గోడకు బిగించే కుళాయిల్లో దాదాపు అన్నిటికీ వెనక ఉండేది అరంగుళం మర. దుకాణంలో హాఫ్ ఇంచ్ అని అడుగుతారు, పెట్టె మీద 15 మి.మీ. అని రాసి ఉంటుంది, కొలిచి చూస్తే మర బయటి వ్యాసం సుమారు 21 మి.మీ. వస్తుంది. ఈ తేడా చూసి కంగారు పడనక్కర్లేదు. అరంగుళం అన్నది ఆ మర కోసే ఇనుప గొట్టం లోపలి బోలుకు పూర్వం పెట్టుకున్న లెక్క, మర కొలత కాదు. మర ఆకారం మాత్రం స్థిరంగా నిర్ణయమైంది: అంగుళానికి 14 చుట్లు, చుట్ల మధ్య గాడి కోణం 55 డిగ్రీలు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మరల పద్ధతి నుంచి పుట్టిన బ్రిటిష్ పైపు మర ఇది. అంతకుముందు ఏ కర్మాగారం మర దానిదే, ఒకరి బోల్టు ఇంకొకరి నట్టుకు పట్టేది కాదు. అక్కడే రోథర్‌హామ్ పట్టణంలో గెస్ట్ అండ్ క్రైమ్స్ సంస్థ 1845లో, స్పిండిల్ తిప్పితే వాషర్ కిందికి దిగి నీటిని ఆపే కుళాయిల తయారీకి పూనుకుంది. మన ఇళ్లలో చాలాకాలం రాజ్యమేలిన ఇత్తడి కుళాయిలు ఆ పద్ధతివే. వలస పాలన రోజుల్లో మన పట్టణాలకు గొట్టాల నీళ్లు వచ్చినప్పుడు ఈ మరలూ వెంట వచ్చాయి. 1956 చట్టంతో దేశం మెట్రిక్ కొలతలకు మళ్లింది గానీ కుళాయి మరను ఎవరూ కదపలేదు. అందువల్లనే ముప్పై ఏళ్ల కిందట గోడలో పెట్టిన అమరికలోకి నిన్న తయారైన కుళాయి, కంపెనీ ఏదైనా సరే, నేరుగా ఎక్కుతుంది. కోయడం, అతకడం, కొలతకు తగ్గట్టు సవరించడం ఏదీ లేకపోవడమే ఈ పనిని ఇంటివాళ్ల అందుబాటులోకి తెచ్చింది.

తెలుగు ఇళ్లలో సింకు కుళాయి ఎక్కువగా గోడకే ఉంటుంది. గట్టుకు పైన, టైల్స్ మధ్య ఉన్న మరలోకి పొడవాటి వంపు మెడ గల కుళాయిని బిగిస్తారు. మెడ కుడికీ ఎడమకీ తిరుగుతుంది. దుకాణదారులు దీన్ని సింక్ కాక్ అంటారు. మెడ తిరగని మామూలు కుళాయి బిబ్ కాక్, గట్టుకు గానీ సింకు అంచుకు గానీ రంధ్రం చేసి నిలబెట్టేది పిల్లర్ కాక్, వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపి ఇచ్చేది మిక్సర్. గట్టు మీద నిలబెట్టే కుళాయికి సింకు కింద ఉన్న యాంగిల్ కాక్ నుంచి, వంగే కనెక్షన్ పైపు ద్వారా నీళ్లు వస్తాయి. ఆ యాంగిల్ కాక్ కట్టేస్తే చాలు. గోడ కుళాయికి అలాంటి అడ్డు ఏదీ ఉండదు. గోడలోని గొట్టానికి కుళాయే మూత. దాన్ని తీసేస్తే, మేడ మీది ట్యాంకులోని నీళ్లన్నీ వంటింట్లోకి రావడానికి దారి తెరుచుకున్నట్టే. చూపుకు గోడ కుళాయి సాదాగా, గట్టు మీది మిక్సర్ చిక్కుగా కనిపించినా, ఎక్కువ ముందుచూపు కావలసింది మొదటిదానికే.

అసలు మార్చాలా అన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. కారే కుళాయిల్లో చాలావాటికి మార్పిడి అక్కర్లేదు. పాత స్క్రూ కుళాయి గట్టిగా కట్టేశాక కూడా చుక్కలు రాలుతుంటే సాధారణంగా అరిగింది లోపలి వాషర్. పిడి కింద నీళ్లు ఊరుతుంటే స్పిండిల్ చుట్టూ ఉన్న ప్యాకింగ్ వదులైంది. తిరిగే మెడ మొదట్లో కారుతుంటే అక్కడి రబ్బరు రింగు పోయింది. పావు చుట్టుతో తెరుచుకునే ఇప్పటి కుళాయిల్లో వాషర్‌కు బదులు నున్నగా సానపట్టిన రెండు సెరామిక్ బిళ్లలు ఉంటాయి. వాటి రంధ్రాలు ఒకదానికొకటి ఎదురైనప్పుడు నీళ్లు వస్తాయి, పక్కకు జరిగితే ఆగుతాయి. మధ్యలో ఇసుక రేణువు చేరి గీత పెడితే చుక్కలు మొదలవుతాయి. ఆ భాగాన్ని కార్ట్రిడ్జ్ పేరుతో విడిగా అమ్ముతారు. ధార సన్నబడితే తప్పు చాలాసార్లు మూతి దగ్గరి జల్లెడది. దాన్ని విప్పి కడిగితే సరిపోతుంది. ఇవన్నీ కుళాయి ఒంటిని గోడ నుంచి కదపకుండా బాగుచేసుకోదగినవి. గోడలోని మరను ఎంత తక్కువ కదిపితే అంత క్షేమం కాబట్టి ఇదే మొదటి దారి కావాలి. ఒళ్లు చిట్లినా, వాషర్ ఆనే అంచు గుంటలు పడినా, లోపలి మర అరిగి పిడి ఊరికే తిరుగుతున్నా, ఆ రకం కార్ట్రిడ్జ్ బజారులో దొరకకపోయినా మార్చక తప్పదు. వదిలేయడం మాత్రం పరిష్కారం కాదు. సెకనుకు ఒక చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు. పది చుక్కలకు ఒక మిల్లీలీటరు వేసుకున్నా రోజుకు ఎనిమిదిన్నర లీటర్లు, ఏడాదికి మూడు వేల లీటర్ల పైమాట. మోటారు వేసి, కరెంటు ఖర్చుపెట్టి పైకెక్కించిన నీళ్లవి.

మన ప్రాంతంలో కుళాయి ఆయుష్షును తగ్గించే వాటిలో బోరు నీళ్లది పెద్ద పాత్ర. తాగునీటికి భారతీయ ప్రమాణం 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములదాకా ఉండవచ్చు. వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. చాలా ఊళ్లలో బోరు నీళ్లు మొదటి హద్దును సులువుగా దాటుతాయి. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, నీరు ఆరినచోటల్లా సున్నపు పెచ్చుగా మిగులుతుంది. మూతి దగ్గర పేరుకున్నది కంటికి కనబడుతుంది, వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి కొంతసేపు ఉంచితే వదులుతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం వాడకూడదు. అది పెచ్చుతోపాటు మెరుగు పూతనూ తినేసి కింది లోహాన్ని బయటపెడుతుంది. కుళాయి మార్పిడికి అసలు చిక్కు తెచ్చేది కంటికి కనబడని పెచ్చు. సన్నగా ఊరే జాయింటు చుట్టూ ఏళ్ల తరబడి సున్నం పేరుకుని, కుళాయి గోడలోని మరతో ఏకమైపోతుంది. కొత్త కుళాయి బిగించడం కంటే పాతదాన్ని విప్పడం కష్టమని ప్లంబర్లు చెప్పేది ఇందుకే.

కొత్తది ఎంచుకునేటప్పుడు మెరుపు కంటే ముందు చూడవలసింది నీటి ఒత్తిడి. మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీటికి ఒత్తిడి ఎత్తును బట్టి వస్తుంది, పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్. రెండంతస్తుల మేడలో కింది వంటింటికి ముప్పాతిక బార్ దాకా అందవచ్చు. ట్యాంకుకు సరిగ్గా కింద ఉన్న పై అంతస్తు వంటింటికి మూడు మీటర్ల ఎత్తు కూడా ఉండదు కాబట్టి 0.3 బార్ లోపే. ఒంటి పిడి మిక్సర్లు, నీటిలో గాలి కలిపి నురగ ధార ఇచ్చే మూతులు, లాగితే బయటికొచ్చే షవర్ మెడలు చాలావరకు ఇంతకంటే ఎక్కువ ఒత్తిడిని ఉద్దేశించి చేసినవి. పై అంతస్తులో వాటిని బిగించి, ధార సన్నగా వస్తోందని బిగించినవాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. అక్కడ లోపలి దారి వెడల్పుగా ఉన్న సాదా సింక్ కాక్ మేలు. పది అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది ఇళ్లది దీనికి తిరగబడ్డ సమస్య. అక్కడ మూడు బార్ల ఒత్తిడి నాసిరకం కుళాయిని త్వరగా అరగదీస్తుంది. ఇక లోహం సంగతికి వస్తే, పోత ఇత్తడిది చేతికి బరువుగా తగులుతుంది, మర స్పష్టంగా ఉంటుంది. జింకు మిశ్రమంతో చేసి పూత పూసినవి పైకి అలాగే ఉన్నా మర దగ్గర పెళుసు. విప్పేటప్పుడు విరిగి సగం మర గోడలోనే ఉండిపోయే ప్రమాదం వాటితో ఎక్కువ. పి.టి.ఎం.టి. ప్లాస్టిక్ కుళాయిలకు తుప్పు, సున్నం బెడద తక్కువ, ధరా తక్కువ. గట్టి చేతుల మోటు వాడకానికి మాత్రం అంతగా నిలవవు.

నీటిని కట్టేయడం ఈ పనిలో కీలకమైన ఘట్టం, చాలా ఇళ్లలో ఎవరికీ సరిగా తెలియనిదీ అదే. మేడ మీది ట్యాంకు నుంచి దిగే గొట్టాలకు డాబా మీద వాల్వులు ఉంటాయి. ఏది వంటింటిది, ఏది బాత్రూముది అని వాటి మీద రాసి ఉండడం అరుదు. అపార్ట్‌మెంట్లలో గొట్టాలు దిగే డక్ట్‌లో గానీ, బాత్రూము గోడలో పైన గానీ ఒక్కో ఫ్లాటుకు కంట్రోల్ వాల్వు ఉంటుంది. ఏళ్ల తరబడి కదపని గేట్ వాల్వును నమ్మడానికి లేదు. చక్రం తిరుగుతున్నట్టే ఉంటుంది, లోపలి తలుపు సున్నం పట్టి పూర్తిగా దిగదు, లేదా స్పిండిల్ తెగి ఉంటుంది. కాబట్టి కట్టేశాక అదే కుళాయిని తెరిచి, ధార పూర్తిగా ఆగి, గొట్టంలో మిగిలిన నీళ్లు కారిపోయేదాకా చూడాలి. సన్నధార నిలవకుండా వస్తూనే ఉంటే ఆ వాల్వు పట్టలేదన్నమాట. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయడమో, వాల్వునే ముందు మార్పించడమో చేయాలి. హైదరాబాదు ఇళ్లలో ఇంకో మెలిక ఉంది. సింకు దగ్గర రెండు కుళాయిలు పక్కపక్కనే ఉంటే ఒకటి ట్యాంకు నుంచి వచ్చే బోరు నీళ్లది, రెండోది జలమండలి సరఫరాది కావచ్చు. ఇప్పుడు ఎక్కువగా కృష్ణా, గోదావరి నీళ్లే వస్తున్నా జనం దాన్ని మంజీరా అనే అంటారు. ఆ రెండో గొట్టం నేరుగా వీధి లైనుకు కలిసి ఉంటే, డాబా మీద ఎన్ని వాల్వులు కట్టినా దానికి సంబంధం లేదు. నీళ్లు వదలని వేళ అది పొడిగా ఉంటుంది, ఖాళీ గొట్టమే కదా అని విప్పి వదిలేస్తే తెల్లవారుజామున సరఫరా మొదలై ఇల్లు నిండుతుంది. మిక్సర్ ఉన్న ఇంట్లో గీజరు స్విచ్ కూడా ముందే ఆపాలి, వేడినీళ్ల వైపు వాల్వును విడిగా కట్టాలి. ఈ జాగ్రత్తలన్నిటికీ తోడుగా, పని మొదలుపెట్టకముందే చేతిలో ఉండవలసిన వస్తువు అరంగుళం ఎండ్ ప్లగ్. కొన్ని రూపాయల ఈ మూత దగ్గరుంటే, కొత్త కుళాయి సరిపడకపోయినా, దుకాణానికి మళ్లీ వెళ్లాల్సి వచ్చినా గోడలోని మరను మూసి ఇంట్లో మిగతావాళ్లకు నీళ్లు వదలవచ్చు.

గోడలో ఏముందో ఇల్లు కట్టిన కాలాన్ని బట్టి చాలావరకు ఊహించవచ్చు. పాత ఇళ్లలో జి.ఐ. గొట్టాలు, అంటే జింకు పూత పూసిన ఇనుపవి. కుళాయి తెరిచిన మొదటి నీళ్లు ఎర్రగా వస్తుంటే లోపల తుప్పు పట్టిందని అర్థం. అలాంటి చోట కుళాయిని తిప్పితే, అది విడిపోయే బదులు గోడలో కుళాయి ఎక్కే మలుపు ముక్క, అంటే ఎల్బోనే, మెలితిరిగి వెనక జాయింటు వదులు కావచ్చు. దాని ఆనవాలు వెంటనే కనబడదు. కొన్ని రోజుల తర్వాత గోడకు అవతలి వైపు చెమ్మ తేలుతుంది. 1990ల చివర నుంచి వాడకం పెరిగిన మీగడ రంగు సి.పి.వి.సి. గొట్టాలకు తుప్పు పట్టదు. వాటి చివర కుళాయి కోసం పెట్టే ఎల్బోలో ఇత్తడి మరను ప్లాస్టిక్‌లో పొదిగి ఉంటారు. అతిగా బిగిస్తే ఆ పొదుగు తిరిగిపోతుంది, లేదా ప్లాస్టిక్ చిట్లుతుంది. ఇత్తడి పొదగని ఉత్త ప్లాస్టిక్ మర అయితే ఇంకా సున్నితం. కొన్ని చోట్ల ఎల్బో టైల్‌కు బాగా లోపల ఉండిపోవడం వల్ల మధ్యలో ఇత్తడి ఎక్స్‌టెన్షన్ నిపుల్ పెట్టి ఉంటారు. విప్పేటప్పుడు అది కుళాయితోపాటు బయటికొస్తే మంచిదే, దాని రెండు జాయింట్లూ కొత్తగా చేసుకోవచ్చు. రాకపోయినా ఫర్వాలేదు. సగం తిరిగి ఆగిపోతే మాత్రం లోపలి జాయింటు కదిలినట్టే, దాన్ని అలా వదిలేసి కొత్త కుళాయి బిగించకూడదు. ఇదంతా బయటినుంచి తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది: గోడకు ఆనించిన గుండ్రటి ఫ్లాంజిని ముందుకు జరిపి, టార్చి వేసి మర మొదలును చూడడం. పెచ్చు, తుప్పు, పగులు, పచ్చటి చిలుము ఎంత ఉన్నాయో అక్కడ తెలుస్తుంది. నిర్ణయం తీసుకోవలసిన చోటు అది.

విప్పే ముందు వంపు మెడను తీసేస్తే కుళాయి ఒళ్లు సింకుకు గానీ గోడకు గానీ తగలకుండా తిరుగుతుంది. పలకలున్న చోట పానా పట్టించి, మధ్యలో పాత గుడ్డ పెట్టి, అపసవ్యదిశలో నిలకడగా ఒత్తాలి. కుదుపులు, సుత్తి దెబ్బలు పనికిరావు, వాటి బలం నేరుగా ఎల్బోకు చేరుతుంది. ఒక మోస్తరు బలానికి కదలకపోతే ఇసుమంత బిగించి మళ్లీ వదులు చేయడం, వెనిగర్ పట్టించి వేచి ఉండడం ప్రయత్నించవచ్చు. అప్పటికీ రాకపోతే అక్కడితో ఆపాలి. వచ్చాక గోడలోని మరలో మిగిలిన పాత టేపు ముక్కలను, నూలు పీచును పుల్లతో, పాత టూత్‌బ్రష్‌తో తీసేయాలి. కొత్త కుళాయిని టేపు లేకుండా ఒకసారి చేత్తో ఎక్కించి చూడడం చాలామంది దాటవేసే మెట్టు. మర అడ్డం పడకుండా ఎక్కుతోందా, ఎన్ని చుట్లకు ఆగుతోంది, ఆగినప్పుడు మూతి ఎటు ఉంది అన్నవి దానితో తెలుస్తాయి. తర్వాత టేపు. 1938లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ రసాయనవేత్త రాయ్ ప్లంకెట్‌కు అనుకోకుండా చిక్కిన పదార్థమే ఈ తెల్లటి టెఫ్లాన్. అంతకుముందు, మన దగ్గరైతే ఆ తర్వాత కూడా చాలాకాలం, ప్లంబర్లు నూలు చుట్టి సఫేదా పూసేవారు. టేపు జిగురు కాదు. మరల మధ్య మిగిలిన సన్నటి ఖాళీని నింపడం, బిగించేటప్పుడు జారుడునివ్వడం దాని పని. మర కొస మనవైపు ఉంచి గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి. ఎదురు దిక్కున చుడితే బిగించేటప్పుడు పోగైపోతుంది. మామూలు పలచటి టేపు పది పన్నెండు చుట్లు సరిపోతుంది, మర వదులుగా ఉంటే ఇంకొన్ని. మరీ ఎక్కువ చుడితే ప్లాస్టిక్ ఎల్బోను లోపలినుంచి చీలుస్తుంది. చేత్తో బిగిసినంతా బిగించి, ఆ పైన పానాతో ఒక చుట్టు లోపు తిప్పి, మూతి నిటారుగా కిందికి వచ్చేలా ఆపాలి. దాటిపోతే వెనక్కి తిప్పకూడదు. వెనక్కి తిప్పితే టేపు నలిగి దారి ఇస్తుంది, విప్పి కొత్తగా చుట్టుకోవడమే మార్గం. ఫ్లాంజిని ముందే తొడగడం మరిచిపోతే పనంతా మళ్లీ మొదటికొస్తుంది. నీళ్లు వదిలాక మూతి జల్లెడ తీసి కొంతసేపు ధార పోనివ్వాలి, ఊడిన తుప్పు, ఇసుక సెరామిక్ బిళ్లల మధ్య చేరకుండా. జాయింటు చుట్టూ పొడి కాగితం చుట్టి కొన్ని గంటలు ఉంచితే కంటికి ఆనని చెమ్మ కూడా బయటపడుతుంది. వీధి లైను కుళాయి అయితే ఈ పరీక్ష సరఫరా వచ్చే వేళలో చేస్తేనే లెక్క.

నీళ్లు శుద్ధి చేసే ఆర్.వో. యంత్రం ఉన్న ఇళ్లలో కుళాయికీ గోడకూ మధ్య చిన్న టీ బిగించి, దానినుంచి సన్నగొట్టం తీసుకుంటారు. మార్పిడిలో దాన్ని తీసి కొత్త కుళాయితో మళ్లీ బిగించాలి కాబట్టి జాయింట్లు రెండవుతాయి, కుళాయి గోడ నుంచి కొంచెం ముందుకొస్తుంది. గట్టు మీది కుళాయి విషయంలో పని వేరు. కింద రెండు యాంగిల్ కాక్‌లు కట్టి, కనెక్షన్ పైపులు విప్పి, గట్టు అడుగున కుళాయిని పట్టి ఉంచిన చెక్ నట్టు వదులు చేస్తే చాలు. ఇరుకులో వెల్లకిలా పడుకుని చేయవలసిన పని కావడం ఒక్కటే దాని కష్టం. కనెక్షన్ పైపుల చివర రబ్బరు వాషర్ ఉంటుంది, అక్కడ టేపు అక్కర్లేదు. పాత పైపులను కొత్త కుళాయితోనూ వాడుకోవాలనుకోవడం పొదుపు కాదు.

ఈ పనికి ఇంత ఆలోచన ఎందుకు, ప్లంబర్‌ను పిలిస్తే పావుగంటలో అయిపోతుంది కదా అన్నది మొదటి అభ్యంతరం. అది సబబైనదే. పనితనం గల ప్లంబర్ చేతికి పాత జాయింటు ఎంత బలానికి లొంగుతుందో తెలుస్తుంది, ఆ తెలివి చదివితే వచ్చేది కాదు. అయితే ప్లంబర్ వచ్చినా రాకున్నా, నీళ్లు ఎక్కడ కట్టాలో ఇంటివాళ్లకు తెలిసి ఉండాలి. కుళాయి మెడ ఊడిపోయేది, పిడి విరిగేది ఎవరినీ పిలవలేని రాత్రి వేళ కూడా కావచ్చు. వాల్వు ఎక్కడుందో, అది పనిచేస్తోందో లేదో తెలిసిన ఇంటికి అది చిరాకు మాత్రమే, తెలియని ఇంటికి నష్టం. ఆ తెలివి సంపాదించడంతోనే మార్పిడిలో సగం పని అయిపోతుంది. మిగిలిన సగం ఎవరు చేసినా ఒకటే. ఇలా ఎవరికి వారు చేసుకుంటే పనివాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా అని అడిగేవాళ్లూ ఉంటారు. ప్లంబర్ నైపుణ్యానికి తగిన పని గోడలో తుప్పుపట్టిన గొట్టం మార్చడం, పట్టని వాల్వును తీసి కొత్తది పెట్టడం, చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడం. ఆ పనులకు బేరమాడకుండా తగిన కూలి ఇవ్వడమే ఆ వృత్తికి గౌరవం. వాషర్ మార్చడానికి పిలిచి, ఇంత చిన్న పనికి ఇంత అడుగుతావా అని గీచి గీచి బేరమాడడంలో ఆ గౌరవం లేదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం పక్కింటివాళ్ల తరఫునుంచి వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఒకరి గోడలో ఊరిన నీరు కిందింటి కప్పులో మరకై తేలుతుంది. చేసినవారి పొరపాటుకు మూల్యం ఇంకొకరు చెల్లించే చోట ధైర్యం ఒక్కటే సరిపోదు. అందుకే హద్దు ముందే గీసుకోవాలని ఈ వ్యాసం పట్టుపడుతోంది. ఎర్రనీళ్లు వస్తున్నా, వాల్వు పూర్తిగా పట్టకపోయినా, ఒక మోస్తరు బలానికి కుళాయి కదలకపోయినా, కుళాయితోపాటు గోడలో ఇంకేదో తిరుగుతున్నట్టు చేతికి తెలిసినా పనిని ప్లంబర్‌కు అప్పగించాలి. వీటిలో ఏదీ లేని ఇంట్లో ప్రమాదం గోడకు ఇవతలే ఉంటుంది, అంటే కంటికి కనబడేది, వెంటనే సరిచేసుకోగలిగేది. అద్దె ఇంట్లో అయితే యజమానికి ముందు చెప్పడం, పాత కుళాయిని పారేయకుండా ఉంచడం అవసరం. ఖరీదైన మిక్సర్లకు కొన్ని కంపెనీలు తమ మనుషులు బిగిస్తేనే వారంటీ వర్తిస్తుందంటాయి కాబట్టి, పెట్టె విప్పకముందే ఆ కాగితం చదవాలి.

మనవాళ్లకు ఇలాంటి పనులు అలవాటు లేవు, అమెరికావాళ్లకైతే చెల్లుతుంది అనే మాట కూడా వినబడుతుంది. అలవాటు కంటే అమరిక ముఖ్యమని అమెరికా ఉదాహరణే చెబుతుంది. అక్కడి వంటిళ్లలో కుళాయి సింకు అంచు మీద నిలబడుతుంది, దాని రంధ్రం సుమారు 35 మి.మీ. ప్రామాణిక కొలత, సింకు కింద చేతికందే చోట వేడినీళ్లకూ చన్నీళ్లకూ వేరువేరు వాల్వులు ఉంటాయి. గోడలోని మరతో పనే పడదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, ఇక్కడ ఎన్నడూ పానా పట్టనివారు కూడా ఈ పని స్వయంగా చేసుకోగలగడానికి ఈ అమరికే పెద్ద ఆసరా. ఇక్కడినుంచి కుళాయి కొనుక్కుపోదామనుకునేవారు మాత్రం ఒక సంగతి గమనించాలి. అక్కడి అరంగుళం పైపు మరకు కూడా అంగుళానికి 14 చుట్లే, కానీ గాడి కోణం 60 డిగ్రీలు, వ్యాసమూ కాస్త వేరు. రెండూ ఒకదానిలో ఒకటి కొన్ని చుట్లు ఎక్కుతాయి, సరిపోయినట్టే అనిపిస్తాయి, నీళ్లు వదిలితే కారతాయి. పైగా అక్కడ తాగునీటి సామానులో నీటికి తగిలే భాగాల్లో సీసం సగటున 0.25 శాతం మించకూడదన్న చట్టం 2014 జనవరి నుంచి అమల్లో ఉంది. సీసం కలిసిన మామూలు ఇత్తడి దానికి నిలవదు. ఆ మాటకొస్తే ఇక్కడ కూడా, కొత్త ఇత్తడి కుళాయిలో రాత్రంతా నిలిచిన మొదటి నీళ్లను వంటకు వాడకుండా కాసేపు వదిలేయడం మంచిది.

అమరికే ప్రధానమైనప్పుడు దాన్ని మార్చుకునే వీలు మనకూ ఉంది. వంటింటి గొట్టానికి విడిగా ఒక బాల్ వాల్వు, సింకు కింద చేతికందే ఎత్తులో, ఇల్లు కట్టేటప్పుడు గానీ టైల్స్ మార్చేటప్పుడు గానీ పెట్టించుకోవచ్చు. పావు చుట్టుతో మూసుకునే ఈ వాల్వుకు గేట్ వాల్వులా దిగి కూర్చోవలసిన తలుపు ఉండదు, పిడి గొట్టం వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు చూడగానే తెలుస్తుంది. అది పట్టేయకుండా ఉండాలంటే కొన్ని నెలలకోసారి మూసి తెరుస్తుండాలి. ఎల్బో ముఖం టైల్‌తో సమంగా వచ్చేలా మేస్త్రీతోనూ ప్లంబర్‌తోనూ అప్పుడే చెప్పి చేయించుకుంటే ఎక్స్‌టెన్షన్ నిపుల్ అవసరం తప్పుతుంది, గోడలో దాగిన జాయింటు ఒకటి తగ్గుతుంది. టైల్స్ పరిచే ముందు ఆ గోడలో గొట్టాలు ఎటునుంచి ఎటు పోతున్నాయో ఫోన్‌లో ఫొటో తీసి ఇంటి కాగితాలతోపాటు దాచుకోవడానికి ఖర్చేమీ కాదు.